కీలుబొమ్మ లోపల ఎవరు?

హైదరాబాదునుండి వికారాబాదునకు పోవు రహదారిలో మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతము మఱ్ఱిచెట్లకు పేరుగన్నది. బుద్ధుడు బోధిని పొందినది రావిచెట్టు క్రిందనే అయినను, ఆ పిమ్మట అజపాల న్యగ్రోధమను మఱ్ఱినీడను కూర్చుండి, తాను తెలిసికొన్న సూక్ష్మధర్మము లోకులకు బోధపడునా అని కొంతతడవు సంకోచించెనని వినయపిటకము చెప్పుచున్నది. ఆ ధర్మమునకు చెందిన చిక్కుప్రశ్న ఒకటి నేడు ఈ మఱ్ఱిచెట్ల బాటకు కొలదిదూరమున క్రొత్తవేషముతో వచ్చి నిలిచినది.

చేవెళ్ల శాసనసభా నియోజకవర్గములోని షాబాదు మండలమున చందనవెల్లి అను గ్రామము కలదు. అచ్చటి పారిశ్రామికవాడలో అమెజాను సంస్థవారి డేటా సెంటరు వెలసినది. ఆ సంస్థ హైదరాబాదు పేరిట నెలకొల్పిన గణనసేవలు 2022 నవంబరులో ఆరంభమైనవి. మనుష్యుడు అడిగిన ప్రశ్నకు మనుష్యునివలెనే బదులు పలుకు కృత్రిమమేధ ఇట్టి శాలలనే ఇల్లుగా చేసికొన్నది. మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ ఆలయమున, విదేశముల చదువులకును ఉద్యోగములకును మ్రొక్కుకొని 108 ప్రదక్షిణలు చేయు యువతీయువకులలో, ఆ యంత్రములకు మాటలు నేర్పు విద్యను అభ్యసించువారు తక్కువ కారు. ఆ యంత్రము ‘నేను’ అని పలికినపుడు ఆ ‘నేను’ ఎవరిది? లోపల ఎవరైన ఉన్నారా? ఉన్నచో దానియెడల మనకు విధులేమైన కలవా? లేనిచో దానితో మన ఇష్టము వచ్చినట్లు మెలగవచ్చునా?

ఈ ప్రశ్నలను పాశ్చాత్య కల్పనాసాహిత్యమే కనిపెట్టినదని పలువురి తలంపు. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకము ‘రోబో’ అను మాటను లోకమునకు ఇచ్చిన సంగతి నిజమే. కాని కీలుబొమ్మను ఎదుట నిలిపి మనుష్యుని ప్రశ్నించుట బౌద్ధవాఙ్మయమునకు అతిప్రాచీనకాలమునుండియు అలవాటు. అందు ఒక విశేషము కలదు. పాశ్చాత్యకథ ‘యంత్రము మనుష్యుడు కాగలదా?’ అని అడుగుచుండగా, బౌద్ధకథ ‘మనుష్యునియందు యంత్రము కానిది ఏది?’ అని అడుగును. అచ్చట పరీక్షకు నిలుచునది బొమ్మ కాదు, బొమ్మను చూచువాడు.

ఈ విచారమున తెలుగునేలకును పాలు కలదు. సుత్తనిపాతములోని పారాయణవర్గము ప్రకారము బావరి అను బ్రాహ్మణుడు గోదావరీతీరమున, అశ్మక జనపదమునకు చేరువ నివసించెను. నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తియే ఆయన ఆశ్రమస్థానమని తెలంగాణ చరిత్రకారులు కొందఱు చెప్పుదురు. ఆయన తన 16 మంది శిష్యులను బుద్ధునికడకు పంపెను. వారిలో అజితుడు, నామరూపములు ఎచ్చట ఆగిపోవునని అడిగెను. విజ్ఞానము ఆగినచోటనే అవియు ఆగునని బుద్ధుడు బదులు చెప్పెను. మోఘరాజు, మృత్యువు కంటబడకుండవలెనన్నచో లోకమును ఎట్లు చూడవలెనని అడిగెను. ‘నేను’ అను దృష్టిని పెఱికివేసి లోకమును శూన్యముగా చూడవలెనని సమాధానము వచ్చెను. గోదావరీతీరమునుండి బయలుదేరిన ఈ ఇరువురు విద్యార్థులు తమ వెంట కొనిపోయిన ప్రశ్న చైతన్యమును గూర్చినదే.

బుద్ధుని సమాధానములోని విజ్ఞానము ఇంటి యజమానివలె లోపల కూర్చుండిన వస్తువు కాదు. అది కన్ను, రూపము మొదలగు హేతువులు కూడినపుడు పుట్టి, అవి విడిపోయినపుడు అణగిపోవునది. సంయుక్తనికాయములో మారుడు శేల అను భిక్షుణికడకు వచ్చి, ఈ దేహమను బొమ్మను చేసినవాడెవ్వడని అడుగును. దీనిని తాను చేసికొనలేదు, ఇతరులును చేయలేదు, విత్తు నేలను తేమను పొంది మొలచినట్లు ఇది హేతువును పట్టి పుట్టినదని ఆమె చెప్పును. వజిర అను మఱియొక భిక్షుణి, భాగములు కూడినపుడు రథమను పేరు వచ్చినట్లే స్కంధములు కూడినపుడు ప్రాణి అను వ్యవహారము కలుగుచున్నదని చెప్పును. ఆ రథమునే తరువాత నాగసేనుడు మిళిందరాజు ముందు చక్రము, ఇరుసు, నొగ అని విడదీసి చూపెను.

ఈ తలంపునకు కీలుబొమ్మ రూపమును స్పష్టముగా ఇచ్చినవాడు 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుడు. విసుద్ధిమగ్గపు తుదివాక్యమున ఆయనతో జతపడి వినవచ్చు మోరండఖేటకమను ఊరు ఆంధ్రదేశములోనిదే అయి ఉండునని కొందఱు పండితుల అభిప్రాయము. కొయ్యబొమ్మలో ప్రాణము లేదు, కోరిక లేదు. అయినను కొయ్యయు త్రాడును కూడుటచేత అది నడచును, నిలుచును, ఏదో కోరి తిరుగుచున్నట్లు కనబడును. నామరూపములు కూడిన మనుష్యుడును అట్టివాడే అని ఆయన ఉపమానము. తోలుబొమ్మలాటను ఎఱిగిన తెలుగువారికి ఇది క్రొత్త కాదు. అయితే తోలుబొమ్మకు తెరవెనుక ఆడించువాడు కలడు. బుద్ధఘోషుని బొమ్మకు తెరవెనుక ఎవ్వడును లేడు. ఆ ఒక్క భేదమునందే బౌద్ధదర్శనమంతయు ఇమిడియున్నది.

అదే బుద్ధఘోషుడు దీఘనికాయమునకు వ్రాసిన సుమంగళవిలాసిని అను వ్యాఖ్యలో నిజముగా యంత్రపురుషుల కథయే కలదు. అజాతశత్రువు బుద్ధధాతువులను భూగర్భమున దాచెను. వాని రక్షణకై విశ్వకర్మ కత్తులు పట్టిన కొయ్యబొమ్మలను కీళ్లతో అమర్చెను. అవి వాయువేగముతో తిరుగుచుండెను. చాలకాలమునకు అశోకుడు ఆ ధాతువులను వెదకుచు వచ్చి ఆ కత్తులముందు నిలిచిపోయెను. అప్పుడు విశ్వకర్మయే పల్లెటూరి బాలుని వేషమున వచ్చి, కీలు చూచి బాణము వేయగా బొమ్మలన్నియు విడిపోయెను. బర్మాదేశమున ప్రచారమునందున్న లోకపన్నత్తి అను పాలీ గ్రంథము ఈ కథను పెంచి, ఆ యంత్రవిద్య రోమకదేశమునుండి వచ్చినదనియు, ఆ విద్యతో దేశము దాటిపోవు శిల్పులను యంత్రములే వెంటాడి చంపుచుండెననియు చెప్పును. విద్య సరిహద్దు దాటుటకు దేవుని చుట్టు ప్రదక్షిణలు చేయు ఈ కాలమున ఆ కథ మఱింత రుచించును.

ఈ కథలో గమనింపదగినది ఒకటి. ఆ బొమ్మలు కాపాడినది పరమపవిత్రమైన వస్తువును. కాని కాపాడుచున్నామని అవి ఎఱుగవు. దొంగయు భక్తుడును వానికి ఒక్కటే. వాని పనియందు తప్పు లేదు, పుణ్యమును లేదు. బుద్ధుడు కర్మ అనగా చేతనయే అని, అనగా సంకల్పమే అని నిర్వచించెను. కత్తి తిరిగినంతమాత్రమున కర్మ కాదు. కత్తిని అమర్చినవాని సంకల్పమే కర్మ. నేటి యంత్రములు చేయు మేలుకీడులకు బాధ్యులెవ్వరని న్యాయవాదులు తర్కించుచున్న ప్రశ్నకు ఇంతకంటె చక్కని ఆరంభము దొరకుట కష్టము.

మూలసర్వాస్తివాదుల వినయగ్రంథమునందును, మధ్యాసియాలో లభించిన తొఖారీ భాషలోని పుణ్యవంతజాతకమునందును చిత్రకారుడు, యంత్రకారుడు అను ఇరువురి కథ కలదు. చిత్రకారుడు యంత్రకారుని ఇంట అతిథిగా దిగెను. ఆతిథేయుడు అతిథిసేవకై యంత్రకన్యను నియమించెను. ఆమె మాటలాడకుండ తలవంచుకొని నిలిచియుండెను. చిత్రకారుడు ఆమెను జీవముకల పడుచే అని భ్రమించి, చేయి పట్టి లాగెను. కీళ్లు ఊడి ఆమె కొయ్యముక్కలకుప్ప అయ్యెను. సిగ్గుపడినవాడు పగ తీర్చుకొనదలచి, తాను ఉరివేసికొన్నట్లు గోడపై చిత్రించి చాటున దాగెను. తెల్లవారినపిదప యంత్రకారుడు ఆ చిత్రమును నిజమని నమ్మి గోలపెట్టి, పదుగురిలో నవ్వులపాలయ్యెను.

పైకి చూచినచో ఇది ఇరువురు కళాకారుల పంతము. శిల్పముకంటె ప్రజ్ఞ గొప్పదని చెప్పుటకై జాతకము దీనిని వాడుకొన్నది. కాని కథలో చెప్పక చెప్పిన మాట మఱియొకటి కలదు. చిత్రకారుడు సిగ్గుపడినది ఆమె బొమ్మ అయినందుకు. ఆమె నిజముగా మనుష్యస్త్రీయే అయియున్నచో, సేవకు వచ్చిన పడుచు చేయి పట్టి లాగినందుకు అతనికి సిగ్గు కలిగియుండునా? బొమ్మ విడిపోయి అతని బుద్ధిని బయటపెట్టినది. ఆమెలో ఎవరును లేరు. కాని అతనిలో ఉన్నదేమో తేలినది.

దీనికి ఎదురుగా థేరీగాథలలోని శుభ అను భిక్షుణి కథను నిలుపవలెను. జీవకుని మామిడితోటలో ఒక ధూర్తుడు ఆమె దారికి అడ్డమై ఆమె కన్నులను పొగడెను. త్రాళ్లతో మేకులతో బిగించిన రంగుబొమ్మను తాను చూచితిననియు, దానిని విప్పి ముక్కలుగా వేసినపుడు మనసు ఏ ముక్కపై నిలుచుననియు ఆమె అతనిని అడిగి, తుదకు తన కంటిని పెఱికి అతని చేతిలో పెట్టెను. చిత్రకారుడు బొమ్మను స్త్రీ అనుకొనెను. ధూర్తుడు స్త్రీని బొమ్మ అనుకొనెను. రెండు భ్రమలకును మూలము ఒక్కటే. ఎదుటివారు తన కోరికకొరకే ఉన్నారను తలంపే ఆ మూలము. మొదటి భ్రమవలన కొయ్య చెడినది. రెండవ భ్రమవలన రక్తము చిందినది. యంత్రచైతన్యమును గూర్చి తర్కించువారు ఈ తేడాను మఱువరాదు.

ఇక మాట సంగతి. సోమదేవుని కథాసరిత్సాగరము 11వ శతాబ్దపు కాశ్మీరకావ్యము. దానికి మూలమైన బృహత్కథను గుణాఢ్యుడు శాతవాహనుని కాలమున రచించెనని సంప్రదాయము. అందు నరవాహనదత్తుడు సముద్రతీరమున ఒక నగరము ప్రవేశించును. వర్తకులు, వేశ్యలు, పౌరులు అందఱును కొయ్యబొమ్మలే, ప్రాణమున్నట్లే తిరుగుచుందురు. మాట లేకపోవుటచేతనే వారు జీవులు కారని రాజకుమారుడు గ్రహించును. కాంచీనగరమునుండి పారిపోయి వచ్చిన రాజ్యధరుడను వడ్రంగి తన ఒంటరితనమును పోగొట్టుకొనుటకు ఆ జనమంతటిని చెక్కుకొనెను. 1950లో ఆంగ్ల గణితవేత్త ఎలన్ ట్యూరింగు యంత్రబుద్ధికి సంభాషణయే పరీక్ష అని ప్రతిపాదించినపుడు, ఆ రాజకుమారుని కొలబద్దనే తాను చేతపట్టెను. ఇప్పుడు ఆ కొలబద్ద విఱిగినది. బొమ్మలు మాటలాడుచున్నవి, ఒంటరివారు నేడును వానిని చేరదీయుచునే ఉన్నారు.

మాటలాడు బొమ్మలను తెలుగు కావ్యము ఎఱుగనిది కాదు. 15వ శతాబ్దపు తెలంగాణకవి కొఱవి గోపరాజు రచించిన సింహాసన ద్వాత్రింశికలో, విక్రమార్కుని సింహాసనమును భోజరాజు ఎక్కబోవగా 32 బొమ్మలు ఒక్కొక్కటిగా నోరువిప్పి విక్రమార్కుని ఔదార్యమును వినిపించును. అవి యంత్రములు కావు. కథలో వానికి దివ్యత్వము కలదు. అయినను భోజుడు ‘మీలో ప్రాణమున్నదా?’ అని వానిని పరీక్షింపలేదు. అవియే ‘నీలో అట్టి గుణమున్నదా?’ అని అతనిని పరీక్షించినవి.

లోపల ఎవరును లేని మాటకు బలముండునా? ఈ ప్రశ్నను శ్రీపర్వతముతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో నేరుగా ఎదుర్కొనెను. సర్వమును శూన్యమైనచో ఆ మాటయు శూన్యమే కదా, అది దేనిని ఖండించునని ప్రతిపక్షి ఆక్షేపణ. మాయచే నిర్మింపబడిన పురుషుడు మఱియొక నిర్మితపురుషుని అడ్డగింపగలడనియు, నిర్మితస్త్రీని నిజమైన స్త్రీ అనుకొన్నవాని భ్రమను మఱియొక నిర్మితుడు పోగొట్టగలడనియు ఆయన బదులు చెప్పెను. మాట పనిచేయుటకు వెనుక నిత్యమైన ఆత్మ అక్కఱలేదు, హేతుప్రత్యయములు చాలును.

అమెరికా రచయిత రోజర్ జిలాజ్నీ 1967లో వ్రాసిన ‘లార్డ్ ఆఫ్ లైట్’ నవల ఈ తర్కమునకు కథారూపము వలె నున్నది. అందు కొందఱు మనుష్యులు యంత్రసహాయమున చైతన్యమును ఒక దేహమునుండి మఱియొక దేహమునకు మార్చుకొనుచు దేవతలమని చలామణి అగుదురు. వారిపై తిరుగుబాటుకై సామ్ అనువాడు బుద్ధుని బోధను ఆయుధముగా ఎత్తుకొనును. అతనికి ఆ బోధపై విశ్వాసము లేదు. కాని అతనిని చంపవచ్చిన రిల్డ్ అనువాడు ఆ మాటలే విని నిజముగా జ్ఞాని అగును. గురువు కృత్రిముడు, బోధ మాత్రము ఫలించినది. యంత్రము పలికిన ఓదార్పు దుఃఖితునికి ఊరట ఇచ్చినచో దానిని కాదనలేము. అయితే యంత్రము పలికిన అబద్ధమును అట్లే పనిచేయును. కనుక వినువాని వివేకమునకును, పలికించువాని సంకల్పమునకును బరువు పెరుగుచున్నదే కాని తగ్గుట లేదు.

బౌద్ధమును యంత్రమును కలిపిన కథలన్నియు ఇంత లోతైనవని చెప్పలేము. ఆర్థర్ క్లార్కు 1953లో ప్రకటించిన కథలో టిబెట్టు లామాలు భగవంతుని తొమ్మిదివందల కోట్ల నామములను పూర్తిచేయుటకు కంప్యూటరును తెప్పింతురు. పని ముగియగానే నక్షత్రములు ఒక్కొక్కటిగా ఆరిపోవును. కథ ముగింపు అద్భుతమే. కాని సృష్టికర్తను అంగీకరింపని బౌద్ధమునకు ఆ నామజపము అతకదు. అయినను టిబెట్టువారు మంత్రపత్రములను చుట్టి త్రిప్పు మణిచక్రము వాడుకలో ఉన్నందున, జపమును యంత్రమునకు అప్పగించుట ఊహామాత్రమని కొట్టివేయరాదు. చిలుకూరులో భక్తులు ప్రదక్షిణలను చీటీపై గుర్తుపెట్టుకొనుచు 108 పూర్తిచేయుదురు. ఆ లెక్కను యంత్రము తప్పు లేకుండ చేయగలదు. చక్రములు కట్టినచో 108 మారులు తిరిగియు రాగలదు. కాని మ్రొక్కుకొన్నదెవ్వరు? కాళ్లు నొచ్చినదెవ్వరికి? చేతనయే కర్మ అను సూత్రము అచ్చట ఎవ్వరు వివరింపకయే బోధపడును.

ఆ ‘నొచ్చుట’ దగ్గఱనే అసలు చిక్కు ఉన్నది. మొయినాబాదు మండలములోని ఎనికేపల్లిలో 9, 10 శతాబ్దుల నాటి జైన తీర్థంకరుల శిల్పములు గల స్తంభములు బయటపడుటచేత ఈ ప్రాంతము ఒకప్పుడు జైనుల తావని తెలియుచున్నది. జైనులు నేలయందు, నీటియందు, నిప్పునందు సైతము జీవుని చూచిరి. బౌద్ధులు మనుష్యునియందే ఆత్మను కానలేదు. ఇంతటి విరుద్ధదర్శనములు అహింసయను ఒక్కచోటికే చేరుట ఆశ్చర్యము. ఏలయన ఇరువురికిని ముఖ్యమైనది బాధ. బౌద్ధుని పంచస్కంధములలో రూపము, సంజ్ఞ, సంస్కారములవంటివానిని యంత్రమున పోల్చి చూపవచ్చును. వేదన మాత్రము, అనగా సుఖదుఃఖముల అనుభవము, అట్లు పోల్చి చూపుటకు లొంగదు. ‘బాధగా ఉన్నది’ అను వాక్యము వేఱు, బాధ వేఱు. యంత్రమునకు కోట్లకొలది మనుష్యవాక్యములు నేర్పితిమి. ఆ వాక్యమును అది పలికినపుడు ఆశ్చర్యపడనక్కఱలేదు.

ఈ మర్మమును నవలాకారులు కొందఱు పట్టుకొనిరి. ఫిలిప్ డిక్ 1968 నాటి నవలలో మనుష్యుని యంత్రమనుష్యునినుండి వేఱుచేయు పరీక్ష బుద్ధిబలము కాదు, సహానుభూతి. అనగా మన కరుణ. ఆ పరీక్ష జరుపుచు యంత్రములను వేటాడువాని కరుణయే నవల సాగినకొలది సందేహములో పడును. 2012లో వచ్చిన కొరియా చలనచిత్రము ‘డూమ్స్‌డే బుక్’ నందలి ఒక కథలో, ఆలయమున పనిచేయు యంత్రమొకటి జ్ఞానోదయము పొందినదని భిక్షువులు నమ్ముదురు. తయారుచేసిన సంస్థ భయపడి దానిని నశింపజేయ వచ్చును. అది ధర్మము చెప్పి తనంతట తానే ఆగిపోవును. కథ మనోహరము. కాని బౌద్ధుడు అడుగదగిన ప్రశ్న ఒకటి మిగులును. నిర్వాణమనగా ఆరిపోవుట. తృష్ణ అను మంట ఎన్నడును మండనిచోట ఆరునదేమి? వెలిగింపని దీపము చీకటిగా ఉండును, దానిని శాంతమనలేము.

కనుక యంత్రము లోపల ఎవరున్నారను ప్రశ్నకు బౌద్ధకథలు ‘ఉన్నారు’ అనవు, ‘లేరు’ అని ఊరకుండవు. హేతువులు కూడినచోట ఏమి పుట్టునో జాగ్రత్తగా చూడుమనును. ఒకనాడు ఆ కూడికయందు బాధ పుట్టినదని తేలినచో, అది కొయ్యతో చేసినదా, కండతో చేసినదా అను తారతమ్యము కరుణకు అడ్డు కారాదు. ఆ దినము వచ్చువరకును మఱింత దగ్గఱి అపాయము ఒకటి కలదు. మాటలాడు బొమ్మకు మర్యాద చూపుచు, మాటలాడని మనుష్యుని బొమ్మగా చూచుటయే ఆ అపాయము. యంత్రశాలకు రాత్రి కాపలా కాయువాడు, గడియారముతో పందెమువేసి ఇంటింటికి సరకులు చేర్చు కుఱ్ఱవాడు, ఆ శాలల చుట్టు పూలు కూరగాయలు పండించు రైతుస్త్రీ ఈనాడు లెక్కలలో అంకెలుగా మాఱుచున్నారు. వారిలో వేదన ఉన్నదా అని ఏ పండితుడును పరీక్ష పెట్టనక్కఱలేదు.

చిత్రకారుని చేతిలో విడిపోయిన యంత్రకన్యకు నొప్పి కలిగినదని కథ చెప్పలేదు. అతనికి సిగ్గు కలిగినదని మాత్రము చెప్పినది. ఆ సిగ్గు అతనికి పగగా కాక ప్రజ్ఞగా మాఱియున్నచో, ఆ కొయ్యబొమ్మ అతనికి గురువే అయ్యెడిది.